రాలిన ‘ట’

టార్టు ఊళ్ళో, నది పక్క మేడ, మూడో అంతస్తు.
హీటరు మీద ఆరేసిన మేజోళ్ళు నావే.
చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా ఫారం.
సరిపోతే ఒకటి, సరిపోకపోతే సున్నా.
మనుషుల గతానికి మార్కులు వేసి
నెలాఖరుకు జీతం తీసుకుంటాను.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, అక్టోబరు పొగమంచులో
వంతెన మీద ఆపిల్ పళ్ళ లారీ బోల్తా పడింది.
ఎవరూ చావలేదు. అందుకే మాకు పనికొచ్చింది.
దుఃఖం కలవని జ్ఞాపకం
తూకానికి వీలుగా ఉంటుందంటుంది ప్రొఫెసర్ మారికా.
ఆ వారంలోనే నలభై రెండు మందిని అడిగి
టేపుల్లో దాచారు.
పదేళ్ళకు మళ్ళీ అడిగారు.
మిగిలిన ఇరవై ఆరు మందినీ ఇప్పుడు నేను.

పళ్ళు పచ్చవి.
ఆకుపచ్చా పసుపుపచ్చా తేలని పచ్చ.
ఫోటో ఉంది, లారీ రసీదు ఉంది.
పదిహేడు మంది ఎర్రవంటారు.
లెక్కల టీచరు లెయిదా
నది నిండా దీపాల్లా ఎర్రగా, అని ఒట్టేసింది.
ఎంత నమ్మకం, ఒకటి నుంచి ఏడు లోపు చెప్పండి, అంటే
"ఎనిమిది లేదా?" అంది.

తర్వాత హిల్లార్. బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు.
టోపీ మోకాలికి తగిలించి
"కళ్ళారా చూశాను" అన్నాడు.
రెయిలింగు తడిగా ఉంది,
సాల్మె ఎడమచేతి తొడుగు జారి నీళ్ళలో పడింది,
దాని చుట్టూ పళ్ళు, తల్లి వెంట బాతుపిల్లల్లా.
రంగు అడిగాను. పచ్చవి, అన్నాడు, తడుముకోకుండా.
ఒకటి వెయ్యబోయాను.

ఆ రాత్రి పాత టేపు పెట్టుకున్నాను.
గొంతు అతనిదే, ముప్పై ఒక్క ఏళ్ళు తక్కువ:
"నేను లేనండీ, వోరు రోడ్డులో డ్యూటీ.
మా ఆవిడ చూసింది. లారీ పడిందట.
పళ్ళు పచ్చవట. తొడుగు పోయిందట."
వెనక నించి ఒక ఆడమనిషి నవ్వు:
"పోయిందట ఏమిటి, పోయింది! కొత్తది కొను."

మా భాషలో విన్నమాటకు చిన్న తోక ఉంటుంది.
ఇది నా కంట పడ్డది కాదు సుమా, అని
వాక్యం చివర నిలబడి ఒప్పుకునే తోక.
మీరు ‘ట’ అనుకోండి.
మొదటి టేపులో మూడు.
పదేళ్ళ నాటి దాంట్లో ఒకటి, అదీ తొడుగు దగ్గర.
సాల్మె పోయి ఎనిమిదేళ్ళు.
ఈసారి ఒక్కటీ లేదు.
రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

మారికా ఫారం తిరగేసింది.
దానికో పేరుంది, గడి ఉంది: మూలం తారుమారు.
అరువు సొమ్ము సొంతమనుకోవడం.
"సున్నా" అంది.
మరి రంగు?
"రంగు ఆవిడది."
టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి వంతెన చూసింది.
"ఆ వాసన నాకింకా గుర్తే" అంది.
అని, ఆగి, తనే నవ్వింది:
"ఆరేళ్ళదాన్ని. అప్పుడు మేం పర్నూలో ఉండేవాళ్ళం."

కళ్ళారా, అన్నాడు.
ఎవరి కళ్ళారా అనడగడానికి ఫారంలో చోటు లేదు.
ఇరవై మూడేళ్ళు
ఆమె చెబుతూ, ఇతను మధ్యలో తప్పు పలికి
దిద్దించుకుంటూ,
ఏ చలికాలపు రాత్రి, ఏ సూపు గిన్నె ముందు
ఆ వంతెన ఆమె చూపులోంచి లేచి
ఇతని చూపులోకి మారిందో
మా దగ్గర టేపు లేదు.

వెళ్ళేముందు గుమ్మంలో అడిగాడు,
"ఎన్ని కరెక్టు?"
చెప్పకూడదు, రూలు.
నమ్మకం మాత్రం అడగాలి, మర్చిపోయాను. అడిగాను.
ఎడమ చెయ్యి జేబులోంచి తీసి ఒకసారి చూసుకున్నాడు.
"ఏడు. ఆవిడైతే పోట్లాడేది, ఏడే ఎందుకని."

సున్నా వేశాను.
గుండ్రంగా, మెల్లగా, పెన్ను ఎత్తకుండా.
పైన ఒక చిన్న తొడిమ కూడా వచ్చిందట.
మారికా చెప్పింది.
నేను చూడలేదు.